నల్ల గీత చుట్టూ రాజుకున్న మంట

మనిషి మధ్య మెదడును అడ్డంగా కోసి చూస్తే, రెండు పక్కలా కాటుక దిద్దినట్టు నల్లటి గీత కనిపిస్తుంది. మైక్రోస్కోపు అక్కర్లేదు, మామూలు కంటికే తెలుస్తుంది. డోపమైన్ తయారుచేసే నాడీకణాల్లో వయసుతో పాటు పేరుకునే నల్లరంగు వల్ల వచ్చిన గీత అది. వైద్యులు దాన్ని లాటిన్‌లో సబ్‌స్టాన్షియా నైగ్రా అంటారు, అర్థం నల్ల పదార్థమనే. పార్కిన్సన్స్ వ్యాధితో చనిపోయినవారి మెదడులో ఆ కాటుక చెదిరిపోయి ఉంటుంది. కొందరిలో గీత ఉండాల్సిన చోట పాలిపోయిన మచ్చ మాత్రమే మిగులుతుంది. చెయ్యి వణకడం, ఒళ్లు బిగుసుకుపోవడం, అడుగులు చిన్నవి కావడం, ముఖంలో కళ తగ్గడం బయటివాళ్లకు తెలిసే సరికే ఆ కణాల్లో సుమారు సగం పోయి ఉంటాయని అంచనా. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురి లక్షణాలు వర్ణిస్తూ చిన్న పుస్తకం రాశారు. రెండు వందల ఏళ్లు దాటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్క ప్రకారం 85 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. కణాలు చావకుండా ఆపగల మందు ఇప్పటికీ ఒక్కటీ లేదు.

ఉన్న మందు లీవోడోపా. మన ఇళ్లలో సిన్‌డోపా పేరుతో తెలిసిన మాత్రలో ఉండేది ప్రధానంగా అదే. రోగుల మెదడులో డోపమైన్ తరిగిపోయిందని 1960లో వియన్నాలో ఓలే హోర్నికీవిచ్ చూపారు. డోపమైన్‌గా మారే లీవోడోపాను పెద్ద మోతాదుల్లో నోటి ద్వారా ఇవ్వవచ్చని 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ నిరూపించారు. ఇక్కడొక చిత్రం ఉంది. మన చేలగట్ల మీద పాకే దురదగొండి గింజల నుంచి ఈ లీవోడోపానే మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి 1937లో వేరుచేశారు. పార్కిన్సన్స్‌కు అది మందవుతుందని ఆధునిక వైద్యానికి అప్పటికింకా తెలియదు. లీవోడోపా మేలు చిన్నది కాదు, మంచానికి అతుక్కుపోయినవాళ్లను లేపి నడిపించింది. కాని అది ఊట ఎండిపోతున్న బావిలో ట్యాంకరుతో నీళ్లు పోయడం లాంటిది. ఇంటికి నీళ్లు అందుతాయి, బావి ఎండడం ఆగదు. ఊట ఎందుకు ఎండుతోందన్న ప్రశ్నకు గత 35 ఏళ్లుగా బలపడుతూ వస్తున్న జవాబుల్లో ఒకటి ఇన్‌ఫ్లమేషన్. ఆ జవాబులో నిజముందనే నా అభిప్రాయం. అయితే దాన్ని మందుగా మార్చే ప్రయత్నాల్లో చాలామంది మంటనంతటినీ ఒకే ముద్దగా చూశారు. ఏ మంటను, ఎవరిలో, ఎప్పుడు ఆర్పాలో తేల్చుకోకుండా నీళ్లు చల్లారు.

ఇన్‌ఫ్లమేషన్‌కు తెలుగులో కుదిరిన మాట ఒక్కటీ లేదు. పత్రికలు వాపు ప్రక్రియ అంటాయి, ఇళ్లలో మంట అంటాం. కాలికి ముల్లు గుచ్చుకుంటే చర్మం ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి, సలుపుతుంది కదా, ఆ నాలుగూ కలిసిందే అది. మెదడులో వచ్చేది ఇలా ఉండదు. లోపల నొప్పి తెలియదు, పైకి ఉబ్బు కనపడదు, జ్వరం రాదు. ఏళ్ల తరబడి రావణకాష్ఠంలా లోలోపల రగులుతుంది. దానికి మూలం మైక్రోగ్లియా అనే కణాలు. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో హోర్తేగా వీటికి ఆ పేరు పెట్టారు. మామూలప్పుడు ఇవి సన్నటి కొమ్మలు చాచుకుని ఉంటాయి. బతికున్న ఎలుక మెదడులో చూస్తే ఆ కొమ్మలు క్షణం తీరిక లేకుండా చుట్టుపక్కల తడుముతూ కనిపించాయి. చచ్చిన కణాల ముక్కలనూ చెడిపోయిన ప్రొటీన్లనూ మింగి చోటు శుభ్రం చెయ్యడం వీటి కొలువు. రెచ్చిపోయినప్పుడు కొమ్మలు ముడుచుకుని బొద్దుగా తయారవుతాయి, చుట్టూ ఉన్న కణాలకు హాని చేసే రసాయనాలు వదులుతాయి. కెనడాలోని వాంకూవర్‌లో పాట్రిక్ మెక్‌గీర్ బృందం 1988లో పార్కిన్సన్స్ రోగుల నల్ల గీతలో ఇలా రెచ్చిపోయిన మైక్రోగ్లియాను గుర్తించింది. కంచే చేను మేస్తోందా అన్న అనుమానానికి గట్టి ఆధారం దొరికింది అప్పుడే.

అనుమానానికి వెంటనే ఎదురు ప్రశ్న వచ్చింది, న్యాయమైన ప్రశ్నే. పశువు చచ్చిన చోట రాబందులు వాలతాయి. వాలాయి కాబట్టి అవే చంపాయని అనగలమా? కణాలు వేరే కారణంతో చస్తుంటే, ఊడ్చిపొయ్యడానికి వచ్చిన పాకీవాళ్లే మైక్రోగ్లియా కావచ్చు. దీనికి ఒక విచిత్రమైన జవాబు కాలిఫోర్నియా నుంచి వచ్చింది. 1982లో అక్కడ కొందరు యువకులు హెరాయిన్‌కు బదులుగా దొంగచాటుగా తయారైన ఒక మత్తుమందును ఎక్కించుకుని, కొద్ది రోజుల్లో కొయ్యబారిపోయారు. మాట లేదు, కదలిక లేదు, అచ్చం ముదిరిన పార్కిన్సన్స్. మందు తయారీలో జరిగిన పొరపాటు వల్ల ఎంపీటీపీ అనే విషం పుట్టిందనీ, అది నల్ల గీత కణాలను ఏరి చంపుతుందనీ విలియం లాంగ్‌స్టన్ 1983లో బయటపెట్టారు. అసలు సంగతి ఆ తర్వాతిది. వాళ్లలో ముగ్గురు చనిపోయాక మెదడు పరీక్ష చేసి 1999లో ఫలితాలు ప్రచురించారు. విషం ఒంట్లోకి వెళ్లి మూడేళ్ల నుంచి పదహారేళ్ల దాకా అయింది, అది ఎప్పుడో వెళ్లిపోయింది. అయినా మిగిలిన నాడీకణాల చుట్టూ మైక్రోగ్లియా గుమిగూడి ఉంది, కణాలు ఇంకా చస్తూనే ఉన్నాయి. అగ్గిపుల్ల ఆరిపోయి పదేళ్లయినా వామి కాలుతూనే ఉందన్నమాట. రాబందులైతే చచ్చినదాన్ని తినేసి ఎగిరిపోవాలి. ముగ్గురి మెదళ్లతో విషయం తేలిపోయిందని నేననను. వాళ్లది విషప్రభావం, మామూలు పార్కిన్సన్స్ కాదు. కాని ఒకసారి రాజుకున్న మంట పుల్లతో పనిలేకుండా సొంతంగా నడవగలదన్న ఊహకు ఇంతకంటె సూటి దృశ్యం మనుషుల్లో దొరకలేదు.

వ్యాధికి ముందే మంట ఉందా అన్నది రెండో పరీక్ష. నిద్రలో కలగంటూ చేతులు విసిరేవాళ్లు, పక్కవాళ్లను తన్నేవాళ్లు కొందరుంటారు. కల నడిచే నిద్రలో మామూలుగా శరీరం చచ్చుబడినట్టు ఉండాలి, వీళ్లలో అలా ఉండదు. ఈ లక్షణం ఉన్న 1,280 మందిని గమనించిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, 12 ఏళ్లు గడిచేసరికి నాలుగింట మూడొంతుల మందికి పార్కిన్సన్స్‌గాని దాని దాయాది జబ్బుగాని వస్తుందని 2019లో లెక్క తేలింది. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో 2017లో ఇలాంటివాళ్లు 20 మందికి మెదడు స్కాన్ చేస్తే, వణుకు ఇంకా రాకముందే నల్ల గీత దగ్గర మైక్రోగ్లియా రెచ్చిపోయిన గుర్తులు కనిపించాయి. అదే ఏడు అమెరికాలో డేవిడ్ సుల్జర్, అలెస్సాండ్రో సెట్టే బృందం ఇంకో సంగతి చెప్పింది. పార్కిన్సన్స్‌లో ముద్దకట్టే ఆల్ఫా సైన్యూక్లిన్ ప్రొటీన్ ముక్కలను కొందరు రోగుల రక్తంలోని టీ కణాలనే రోగనిరోధక కణాలు శత్రువుగా గుర్తుపడుతున్నాయట. 2020లో మళ్లీ చూస్తే, ఈ గుర్తుపట్టడం జబ్బు బయటపడే రోజుల చుట్టూ ఎక్కువగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతోంది. ఆ తగ్గడం ముఖ్యం. మంట అన్ని దశల్లోనూ ఒకేలా ఉండదని దాని అర్థం.

ఇంతకీ ఆ మంట ఎలా అంటుకుంటుంది? దారులు చాలా ఉన్నాయి. అన్నీ చెబితే ఒక్కటీ అర్థం కాదు కాబట్టి, ఇప్పుడు మందుల కంపెనీల చూపు పడిన ఒక దారిని దగ్గరగా చూద్దాం. దాని పేరు ఎన్ఎల్ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమసోమ్. ఇన్‌ఫ్లమసోమ్ అన్న పేరు 2002లో స్విట్జర్లాండ్‌లోని యుర్గ్ చోప్ ప్రయోగశాల పెట్టింది. బ్యాంకు లాకరు తెరవాలంటే మన తాళంచెవీ బ్యాంకువాళ్ల తాళంచెవీ రెండూ పడాలి కదా, ఈ యంత్రానికీ అంతే. చుట్టుపక్కల ఏదో తేడాగా ఉందని మైక్రోగ్లియా పైపొరలోని గ్రాహకాలు పసిగట్టడం మొదటి తాళంచెవి. దాంతో కణం కావలసిన సరంజామా తయారుచేసి పక్కన పెట్టుకుంటుంది, అంతే తప్ప దాడికి దిగదు. ఆ తర్వాత అది పీచులా అల్లుకుపోయిన ఆల్ఫా సైన్యూక్లిన్‌ను మింగుతుంది. పీచు అరగదు. అరిగించే సంచి చిరుగుతుంది, కణంలోని పొటాషియం బయటికి కారుతుంది. అది రెండో తాళంచెవి. అప్పుడు ఎన్ఎల్ఆర్‌పీ3 అణువులు గుండ్రంగా ఒకచోట చేరతాయి, వాటికి ఏఎస్‌సీ అనే మరో ప్రొటీన్ పోగులు పోగులుగా అతుక్కుంటుంది. చివరికి కణం మొత్తంలో ఒకే ఒక్క చుక్కలాగా ఆ ముద్ద మైక్రోస్కోపు కింద మెరుస్తుంది. ఆ చుక్క మీద కాస్పేస్-1 అనే కత్తెర పదునెక్కుతుంది.

కత్తెర చేసే పనులు చూస్తే దీని మీద ఎందుకింత గురి పెట్టారో అర్థమవుతుంది. ముడి రూపంలో నిద్రపోతున్న ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అది కత్తిరించి లేపుతుంది. చుట్టుపక్కల కణాలకు మంట కబురు మోసుకెళ్లేది అదే. ఇంకో ప్రొటీన్‌ను కత్తిరిస్తే ఆ ముక్కలు కణం పొరకు చిల్లులు పొడుస్తాయి, కబురు ఆ చిల్లుల్లోంచే బయటికి వెళుతుంది, ఒక్కోసారి కణమే పగిలిపోతుంది. పగిలితే ఏఎస్‌సీ చుక్క బయటపడుతుంది, పక్క మైక్రోగ్లియా దాన్ని మింగి తానూ అంటుకుంటుంది. అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసింది 2016లో వచ్చిన ఒక పరిశోధన. ఇదే కత్తెర ఆల్ఫా సైన్యూక్లిన్‌ను కూడా తెగ్గోస్తుంది. తెగిన ముక్క మొదటిదానికంటె తొందరగా ముద్దకడుతుంది. అంటే ముద్దను చూసి మంట లేస్తే, మంట కొత్త ముద్దలను పుట్టిస్తోంది. కాలిఫోర్నియా మెదళ్లలో కనిపించిన ఆరని మంటకు ఇలాంటి గానుగ తిరుగుడే కారణమై ఉండవచ్చు. తిరుగుతున్న గానుగను ఆపడానికి ఎక్కడో ఒకచోట కట్టె అడ్డం పెడితే చాలు. ఈ మందులు వేసే పందెం అదే.

పందెం ఎలుకల్లో నెగ్గింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయం బృందం 2018లో ఎంసీసీ950 అనే పదార్థాన్ని ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే ఇన్‌ఫ్లమసోమ్ మూతపడింది, డోపమైన్ కణాలు నిలిచాయి, ఎలుకల నడక బాగుపడింది. కాని ఎంసీసీ950ను కీళ్లవాతం రోగులకు ఇచ్చిన పరీక్షలో కాలేయానికి ఇబ్బంది వచ్చి ఆపేయాల్సి వచ్చింది. దారి మాత్రం మూసుకుపోలేదు. ఈ రంగంలోని ఇన్‌ఫ్లజోమ్ అనే కంపెనీని రోష్ 2020లో 38 కోట్ల యూరోలు ముందుగా చెల్లించే ఒప్పందంతో కొనేసింది. మెదడులోకి చొరబడగల కొత్త మందులను తొలిదశ పార్కిన్సన్స్ రోగుల్లో చిన్న చిన్న పరీక్షలకు తెచ్చారు. ఎలుకల సంగతి వినగానే చదువరి నిట్టూరిస్తే తప్పు పట్టను. పార్కిన్సన్స్ ఎలుకల్లో నయమైనన్ని సార్లు మనుషుల్లో నయమై ఉంటే ఈ వ్యాసం అక్కర్లేదు.

మనుషుల చరిత్ర నిజంగానే నిరుత్సాహంగా ఉంది. మంట తగ్గిస్తుందని ఆశపెట్టుకున్న షుగరు మందు పయోగ్లిటజోన్‌ను 210 మందిలో పరీక్షిస్తే పనికిరాదని 2015లో తేలింది. మైక్రోగ్లియాను శాంతపరుస్తుందని పేరుపడ్డ యాంటిబయాటిక్ మినోసైక్లిన్‌ది ఇంకా చేదు కథ. ఏఎల్ఎస్ అనే మరో నాడీజబ్బులో 412 మందికి ఇస్తే, మందు వాడినవాళ్లే 25 శాతం వేగంగా క్షీణించారని 2007లో తేలింది. షుగరుకు వాడే జీఎల్‌పీ-1 మందులూ మంటను తగ్గిస్తాయంటారు. వాటిలో ఎగ్జెనటైడ్ 2017లో లండన్‌లో 62 మందిలో ఆశ రేపి, 2025లో వచ్చిన 194 మంది, 96 వారాల పెద్ద పరీక్షలో చతికిలపడింది. అదే జాతికి చెందిన లిక్సిసెనటైడ్ ఫ్రాన్స్‌లో 156 మందిలో కొద్దిగా పనిచేసింది. ఏడాదిలో డమ్మీ మందు తీసుకున్నవాళ్ల కదలికల స్కోరు మూడు పాయింట్లు దిగజారితే, వీళ్లది ఉన్నచోటే నిలిచింది. మూడు పాయింట్లంటే రోజువారీ బతుకులో తేడా తెలిసేంత పెద్దది కాదు, పైగా సగం మందికి దగ్గరగా కడుపులో తిప్పింది. సరిగ్గా మైక్రోగ్లియా మీద గురిపెట్టి తయారైన ఎన్ఎల్‌వై01 కూడా 255 మందిలో మొత్తం మీద ఫలితమివ్వలేదు. అరవై ఏళ్ల లోపువాళ్లలో మాత్రం కొంత మేలు ఛాయ కనిపించింది.

ఈ ఓటములన్నిటికీ నా సమాధానం ముందే చెప్పాను: తప్పు మనిషి, తప్పు సమయం, మొరటు గురి. ఈ మందుల్లో చాలావాటికి మంట తగ్గించడం పది పనుల్లో ఒకటి, మెదడులోకి ఎంత చేరిందో కూడా చాలాసార్లు అనుమానమే. పరీక్షలో చేరినవాళ్లలో ఎవరికి మంట చురుగ్గా ఉందో, ఎవరికి చల్లారిందో కొలిచి ఏరుకోలేదు. పైగా అందరికీ అప్పటికే జబ్బు బయటపడింది. అయితే ఈ సమాధానంలో ఒక ప్రమాదముందని ఒప్పుకోవాలి. ప్రతి ఓటమికీ సాకు దొరికే సిద్ధాంతాన్ని నమ్మకూడదు. అందుకే ఇది ఎప్పుడు తప్పని తేలుతుందో కూడా చెప్పాలి. మెదడులోకి చేరిందని కొలిచి నిర్ధారించిన మందు, వెన్నునీటిలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి గుర్తులను నిజంగా తగ్గించి, మంట ఉందని ముందే తేలిన తొలిదశ మనుషులకు రెండు మూడేళ్లు ఇచ్చాక కూడా జబ్బు వేగం తగ్గలేదనుకోండి. అప్పుడు ఇన్‌ఫ్లమసోమ్‌ను పక్కన పెట్టేయాలి, నా వాదనను కూడా. అలాంటి పరీక్ష ఇంకా పూర్తి కాలేదు.

జనాభా లెక్కల నుంచి వచ్చే ఆధారం ఈలోగా కొంత ధైర్యమిస్తుంది. పేగుల్లో ఏళ్ల తరబడి మంట ఉండే ఐబీడీ రోగులు 1,44,018 మంది అమెరికా బీమా రికార్డులను 2018లో పరిశీలిస్తే, వాళ్లకు పార్కిన్సన్స్ మిగతావాళ్లకంటె 28 శాతం ఎక్కువగా వచ్చింది. వాళ్లలోనే టీఎన్ఎఫ్ అనే మంట ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లకు, తీసుకోనివాళ్లకంటె 78 శాతం తక్కువగా వచ్చింది. ఆ ఇంజెక్షన్లలోని పెద్ద అణువులు మెదడులోకి పెద్దగా వెళ్లలేవు. మంట ఒక చివర పేగుల్లో ఉందేమోనన్న అనుమానానికి ఇది ఊతం. పార్కిన్సన్స్‌కు దారితీసే ఎల్ఆర్ఆర్‌కే2 జన్యువు పేరు క్రోన్స్ అనే పేగుజబ్బు పరిశోధనల్లోనూ, కుష్ఠు పరిశోధనల్లోనూ బయటపడింది. ఆ రెంటికీ పార్కిన్సన్స్‌కూ పైకి కనిపించే చుట్టరికం రోగనిరోధక కణాలే. ఐబుప్రొఫెన్ తరచుగా వాడేవాళ్లలో పార్కిన్సన్స్ 38 శాతం తక్కువని 2011లో ఒక అమెరికా అధ్యయనం చెప్పిన మాట కూడా నిజమే. అది చదివి మందులషాపుకు వెళ్లేవాళ్లకు రెండు మాటలు. అదే అధ్యయనంలో ఆస్పిరిన్‌కు ఆ గుణం కనిపించలేదు. ఇది రాకముందు సంగతి, వచ్చాక ఆపుతుందన్న రుజువు కాదు. కడుపులో రక్తస్రావం, కిడ్నీల దెబ్బ మాత్రం రుజువైన సంగతులు. పసుపు నీళ్లతో మెదడు మంట చల్లారుతుందనే వాట్సాప్ వైద్యం గురించి వేరే చెప్పక్కర్లేదు, పసుపులోని కర్క్యుమిన్ రక్తంలోకే సరిగా ఎక్కదు.

ఇంకొక అభ్యంతరం మిగిలింది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. మైక్రోగ్లియా చెత్త ఊడ్చేది కూడా కదా, దాని నోరు నొక్కితే ఆల్ఫా సైన్యూక్లిన్ ఇంకా పేరుకోదా? ముసలివయసులో రోగనిరోధక శక్తిని అణచి న్యుమోనియా కొనితెచ్చుకోవడం, ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పుపెట్టినట్టు కాదా? భయం ఊహాజనితం కాదు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను పట్టేసే కనకినుమాబ్ అనే ఇంజెక్షన్‌ను 10,061 మంది గుండెజబ్బు రోగుల్లో పరీక్షించి 2017లో ఫలితాలు చెప్పారు. గుండెపోట్లు తగ్గాయి, ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. ఇన్‌ఫ్లమసోమ్ మందుల పక్షాన చెప్పగలిగిందేమిటంటే, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా పుట్టే దారులు ఇంకా ఉన్నాయి, ఇవి మూసేది ఒక్క ఎన్ఎల్ఆర్‌పీ3 దారినే. మింగి అరిగించే పనిని సూటిగా ముట్టుకోవు. ఆ తేడా ఏళ్ల తరబడి వాడకంలో నిలుస్తుందో లేదో వాడితేగాని తెలియదు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఆలోచించారు. కిడ్నీ మార్పిడి రోగులకు ఏళ్లుగా ఇస్తున్న అజథయోప్రిన్ అనే పాత, మొరటు మందునే తీసుకుని, జబ్బు వేగంగా ముదురుతుందని ముందుగా అంచనా కట్టిన తొలిదశ రోగులు 60 మందిలో ఏడాది పాటు పరీక్ష పెట్టారు. మందు ఎంపిక నాకు నచ్చలేదు, మనుషులను ఏరుకున్న పద్ధతి నచ్చింది.

ఏరడమే ఇప్పుడు అసలు పని. వెన్నునీటిలో ముద్దకట్టే ఆల్ఫా సైన్యూక్లిన్ ఉందో లేదో పట్టే పరీక్ష 1,123 మందిలో చేసిన అధ్యయనంలో పార్కిన్సన్స్ రోగులను 88 శాతం దాకా సరిగ్గా గుర్తించిందని 2023లో ప్రచురించారు. వాసన తెలియకపోవడం, నిద్రలో చేతులు విసరడం తప్ప మరే లక్షణమూ లేని కొందరిలోనూ అది పాజిటివ్ వచ్చింది. అంటే కాటుక గీత ఇంకా చాలావరకు మిగిలి ఉన్న మనుషులను ముందుగా పట్టుకునే వీలు ఏర్పడింది. కాని ఆ పరీక్ష ముద్ద ఉందని చెబుతుంది, మంట ఉందని చెప్పదు. మైక్రోగ్లియా స్కాన్ మంట ఉందని చెబుతుంది, అది హాని చేసే మంటో మరమ్మతు చేసే మంటో విడదీసి చెప్పలేదు. వెన్నులో సూది గుచ్చుకోవడానికీ, ఇంకా రాని జబ్బుకు ఏళ్ల తరబడి మాత్ర మింగడానికీ, మూడు నెలలకోసారి కాలేయం పరీక్షకు రక్తమివ్వడానికీ ఒప్పుకునే ఆరోగ్యవంతులు కొన్ని వందల మంది కావాలి. వాళ్లకు వణుకు వస్తుందా రాదా అని కనీసం నాలుగైదేళ్లు కనిపెట్టుకుని ఉండగల డబ్బూ కావాలి. ఎన్ఎల్ఆర్‌పీ3 మందులకు ఇప్పటిదాకా పార్కిన్సన్స్‌లో జరిగినవి కొద్దిమందితో, కొద్ది వారాలు నడిచిన పరీక్షలే.